మాల వేసుకునే ముందు

అన్నకు చెల్లెలు సరోజ మొక్కి రాసే సంగతులు.

ఇక్కడ నేను బాగున్నాను. అమ్మ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? వదిన, పాప, నువ్వు బాగున్నారా? కోసిగిలో వాన పడిందా? ఇక్కడ రెండు జల్లులు పడ్డాయి, అంతే. చెట్ల మీది సిమెంటు ఫ్యాక్టరీ దుమ్ము పోయి అవి ఒక పూట పచ్చగా కనిపించాయి. మరునాటికి మళ్ళీ బూడిద రంగే.

ఎర్రగుంట్ల దగ్గరి ఈ పీహెచ్‌సీలో నర్సుగా చేరినప్పటి బెదురు ఇప్పుడు లేదు. డాక్టరు మేడమ్ మంచావిడ. నా గది చిన్నది, నేలంతా నాపరాళ్ళు, పొద్దున కాలు పెడితే జివ్వుమంటుంది. తిండికి లోటు లేదు. జొన్నరొట్టెలు నేనే తట్టుకుంటున్నాను, అంచులు పగిలిపోతున్నాయి. వదినను నవ్వొద్దని చెప్పు. డబ్బులను నేను దుడ్లు అంటే ఇక్కడివాళ్ళు పడీపడీ నవ్వుతారు. డ్యూటీ అయ్యాక సాయంత్రాలు మాత్రం మాట్లాడేవాళ్ళు లేక ఏమీ తోచదు. అప్పుడు మీరంతా గుర్తొస్తారు.

పని గురించి చెప్పాలి. బీపీకి, కడుపునొప్పికి, దెబ్బలకు అని వచ్చే మగవాళ్ళలో చాలామందికి అసలు ఇబ్బంది తాగుడే. అందుకే వచ్చినవాళ్ళందరినీ దాని గురించి అడగాలని మేడమ్ చెప్పింది. మొదట్లో నేను లైనులో అందరి ముందే "తాగుతారా?" అని గట్టిగా అడిగేదాన్ని. అడిగి అడిగి, ఈ చుట్టుపక్కల తాగేవాడు ఒక్కడూ లేడనిపించింది! ఇప్పుడు తలుపు దగ్గరగా వేసి, బీపీ పట్టీ చుడుతూ, పొద్దున లేస్తూనే కావాలనిపిస్తుందా, అది పడకపోతే చేతులు వణుకుతాయా అని మెల్లగా అడుగుతున్నాను. తిట్టకుండా వింటే చాలామంది చెబుతున్నారు.

ఓబులేసు అని ఒకాయన ఉన్నాడు, సిమెంటు మూటలు ఎత్తే హమాలీ. ఆయన మా దగ్గరికి ఎప్పుడూ రాలేదు. భార్య పోరు పడలేక కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకున్నాడు. ఏళ్ళ తరబడి తెల్లవారితే తాగే మనిషి, మెడలో మాల పడిన రోజే చుక్క ముట్టకుండా ఆపేశాడు. ఇంటిల్లిపాదికీ సంతోషం. రెండు రోజులకు ఒళ్ళంతా వణుకు, చెమటలు, ఒంటి మీద లేని చీమలను దులుపుకోవడం మొదలైంది. తోటి స్వాములు అయ్యప్ప పూనాడనుకున్నారు. కర్పూరం వెలిగించి, చుట్టూ కూర్చుని శరణుఘోష చెప్పారు. ఆ ఘోష మధ్యలోనే అతనికి ఫిట్స్ వచ్చాయి.

నల్ల బట్టల్లోనే ఆటోలో వేసుకొచ్చారు. మేడమ్ సూది వేసి, పెద్దాసుపత్రికి పంపడానికి అంబులెన్సు పిలిపిస్తుంటే అతని భార్య నా చెయ్యి పట్టుకుంది.

"తాగితే సస్తాడంటిరి. మానితే గూడా సస్తాడా మేడమ్?"

నేను మేడమ్ వైపు చూశాను. మేడమే చెప్పింది. "మానొచ్చమ్మా. ఇన్నేండ్లు తాగిన ఒళ్ళు ఒక్కసారిగా ఆపితే తట్టుకోదు. మాత్రలిచ్చి, దగ్గరుండి మేం మాన్పిస్తాం."

బతికాడన్నా. కోలుకుని వచ్చి మళ్ళీ మాల వేయించుకున్నాడు. ఆయనకు మాల వేసిన గురుస్వామి పెద్ద వయసాయన. ఒకరోజు ఆసుపత్రికి వచ్చి మేడమ్ ముందు కూర్చున్నాడు. "సామి పూనినాడనుకుంటినమ్మా, శానా పొరపాటైపాయ. ఇంగమీద తాగే మనిషి యెవురొచ్చినా ముందు నీ కాడికే పంపుతా. నువ్వు సరేనంటేనే మెళ్ళో ఏస్తా" అన్నాడు. అన్నట్టే పంపుతున్నాడు. ఓబులేసు వారం వారం వచ్చి మాత్రలు తీసుకుంటున్నాడు. మాల తీశాక ఎలా ఉంటాడో ఇప్పుడే చెప్పలేం.

ఇదంతా ఎందుకు రాస్తున్నానో నీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. మొన్న వదిన ఫోన్ చేసి, వచ్చే నెల నువ్వు మాల వేసుకుంటున్నావని, దాంతో నీ తాగుడు పోతుందని సంబరంగా చెప్పింది. అమ్మ అప్పుడే నల్ల పంచెలు కూడా కొనిందట. నేను సరేలే అని మాట మార్చబోయాను. "ఏం సరోజా, నీకు సంతోషం ల్యాదేమి?" అంది. ఉంది. భయం అంతకంటే ఎక్కువగా ఉంది. ట్రాక్టర్ల మీద పేర్లు రాసే పని నువ్వు పొద్దునపూట ఒప్పుకోవడం లేదని, అన్నీ మధ్యాహ్నానికి మార్చుకున్నావని కూడా వదినే అంది. ఎందుకో ఆమెకు తెలియదు. నాకు తెలిసిపోయింది. ఇక్కడ ముక్కూ మొహం తెలియనివాళ్ళను అడుగుతున్నాను గానీ సొంత అన్నను అడగడానికి ఇన్నాళ్ళూ నోరు రాలేదు. ఫోన్‌లో అడుగుదామంటే స్పీకర్ పెట్టి అందరూ వింటారు. నువ్వేమో "పాపకిస్తాండా, మాట్లాడు" అని తప్పించుకుంటావు.

అన్నా, మాల వేసుకో. మానుకో. అంతకన్నా నాకు కావాల్సింది లేదు. కానీ ముందు ఆదోని పెద్దాసుపత్రికి పో. ఎంత తాగుతావో, పొద్దున ఎన్నింటికి మొదలుపెడతావో డాక్టరుకు ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఆయన ఎలా ఆపమంటే అలా ఆపు. నీ అంతట నువ్వు ఒక్కసారిగా ఆపకు. సరోజ తాగమని రాసిందని మాత్రం అమ్మతో అనకు, నన్ను గడప తొక్కనివ్వదు. కావాలంటే సెలవు పెట్టి వస్తాను, ఇద్దరం కలిసి పోదాం. నీ మీద నాకు కోపం లేదు. నువ్వు బాగుండాలి, అంతే.

అమ్మకు, పెద్దనాన్నకు నా దండాలు. పాపకు ముద్దులు. ఎవరైనా ఇటు వస్తుంటే కాస్త కారంపొడి పంపమని వదినకు చెప్పు.

జవాబు ఫోన్‌లో వద్దు. కవరులో ఒక తెల్ల కాగితం పెడుతున్నాను. పలక మీద నా చెయ్యి పట్టుకుని అక్షరాలు దిద్దించింది నువ్వే. ఒకరోజు పొద్దున లేచి, ఇంకా ఏదీ ముట్టకముందు, నాలుగు వరుసలు రాయి. అక్షరాలు వంకరపోయాయని చించేసి మధ్యాహ్నం మళ్ళీ రాయొద్దు. ఆ పొద్దుటిదే పంపు.

నీ దీవెన కోరే చెల్లెలు,
సరోజ