సబ్జా పూతకొచ్చింది

జైనబక్కా,

నువ్వు పోయి నిన్నటికి ఏడాది. పొద్దున మిల్లు సైరన్ మోగితే ఇప్పటికీ మన నడిమి గోడ వైపు చూస్తాను. ఆ వేళకే నువ్వు తొంగిచూసి, "పిందె నిలబడ్డదా?" అని అడిగేదానివి. నేను గుమ్మడి మగ పువ్వు తెంపి ఆడ పువ్వుకు రుద్దుతూ, "తేనెటీగలే రావు కదక్కా, నా చేతులే దిక్కు" అని విసుక్కునేదాన్ని.

"సబ్జా పెట్టు, అవే వస్తయి. నీళ్లు గూడ పెద్దగ అడగదు" అన్నావు. నా మొండితనం నీకు తెలుసు. ఖమ్మం నర్సరీ నుంచి రంగురంగుల పూలమొక్కలు తెచ్చాను. ఒక్క తేనెటీగ వాలలేదు. ఎండలకు అన్నీ మాడిపోయాయి.

నీ ఆఖరి రంజాన్‌కు షర్బత్‌లోకని ఇచ్చిన సబ్జా గింజలు సీసాలో సగం మిగిలాయి. నువ్వు పోయాక తాగబుద్ధి కాలేదు. ఈ తొలకరికి వాటిని గోడ వెంబడి చల్లేశాను. ఇప్పుడు మోకాలు దాటి పెరిగి, తెల్లగా పూసింది. పొద్దెక్కకముందే తేనెటీగల మోత మొదలవుతుంది.

పిందె నిలబడ్డదక్కా. ఈసారి నేను చెయ్యి పెట్టలే.