దమ్ పట్టు

అమ్రాబాద్, పుష్యమాసం, 1964

చిరంజీవి కౌసల్యను నీ బాపు పర్వతాలు దీవించి రాసేది. ఇక్కడ నేనూ, అమ్మా, కుంటి మేకతో సహా మన జీవాలన్నీ క్షేమం. పాలమూరు దవాఖానలో నర్సు పని నేర్చుకుంటూ నువ్వూ వేళకు తింటున్నావని నేను నమ్ముతున్నాను. అమ్మ మాత్రం నమ్మడం లేదు.

అక్కడి అన్నం సయించడం లేదని రాశావు. అమ్మ జొన్నరొట్టెలు పంపుతానంది. అవి నిన్ను చేరేసరికి గట్టిపడి, వాటితో గోడ కట్టుకోవచ్చని నేనన్నాను. రెండు రోజులు నాకు ఆ రొట్టెలే పెట్టింది.

పటాలం నడక ఇంకా సాగుతోందా అని అడిగావు. సాగుతోంది. ఊరి మగవాళ్లు మందలు తోలుకుని కృష్ణానది వైపు వెళ్లినప్పటి నుంచి, సంతకు నెయ్యి మోసే ఆడవాళ్లను వాగు దగ్గర దొంగలు దోచుకుంటున్నారు కదా. అందుకే నేను పటాలంలో నేర్చింది అమ్మతో కలిపి ఆరుగురు ఆడవాళ్లకు నేర్పాను. ఒకరు కుడివైపు చూడాలి, ఒకరు ఎడమ. ఇద్దరు వాగు దాటి నిలబడ్డాకే మిగతావాళ్లు దిగాలి. అందరి వెనక నేను. "థమ్" అనగానే ఆగి, నెయ్యి కుండలు నడుమ దించి, వీపులు కలిపి, కర్రలు బయటికి చాచాలి.

"థమ్" వాళ్ల నోట నిలవలేదు. వాళ్లలో పెద్దదైన మారెమ్మ అవ్వ, "ఏంది బిడ్డా, జర దమ్ పట్టుమంటున్నవా?" అంది. పటాలంలో ఆగమని గొంతు చించుకుని అరిచే మాట ఇక్కడ ఏడ్చే పిల్లను కాస్త ఓపిక పట్టమని ఊరుకోబెట్టే మాటయింది. దిద్ది దిద్ది వదిలేశాను.

మొన్న సంతనాడు పొద్దున్నే మంచు కమ్మింది. టేకుచెట్లు మొదళ్లు లేకుండా గాలిలో తేలుతున్నట్టున్నాయి. ముందు నడిచే అమ్మ గొంగడి కాసేపు కనిపిస్తుంది, కాసేపు మాయమవుతుంది. మేం నడుస్తున్నామో, మేం నిలబడి ఉంటే అడవే కదిలిపోతోందో తెలియలేదు. ఎంత హాయిగా ఉందో, కౌసల్యా.

వాగు దగ్గర ముగ్గురు మగవాళ్లు కర్రలతో లేచారు. అమ్మ "దమ్ పట్టు" అంది, గట్టిగా కూడా కాదు. ఆరుగురూ నేను నేర్పినట్టే నిలిచారు. "ఏం కొడుకా, తొవ్వ తప్పినవా? ఇంటికాడ దిగబెట్టాల్నా?" అని మారెమ్మ అవ్వ అడిగింది. దొంగలు చుట్టూ తిరిగి చూశారు. ఎటు చూసినా కళ్లూ కర్రలే. వచ్చిన మంచులోకే వెళ్లిపోయారు.

"సెలవులకు బస్సు దిగి ఆ దారినే వస్తాను, వెనక నువ్వుంటే నాకేం భయం బాపూ" అని రాశావు. అందుకే దాచలేకపోతున్నాను. అప్పుడు వాళ్ల వెనక నేను లేను, వాగు దగ్గర జరిగింది అమ్మ తర్వాత చెప్పిందే. ఆ తెల్లదనంలో నాకు చైనా యుద్ధం నాటి మంచుకొండ కనిపించింది. నేర్పినవాణ్ణి, నేనే పారిపోయాను. అమ్మ వెతుక్కుంటూ వచ్చేసరికి ఒక టేకుచెట్టును కరుచుకుని కూర్చున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను బిడ్డా.

అమ్మ తన గొంగడి నాకు కప్పి, వీపు నిమిరి, "దమ్ పట్టు" అంది. నేను తప్పని దిద్దిన మాట అదే.

వెనక ఇంకెవరినైనా పెట్టుకొమ్మన్నాను. "ఎనుక నువ్వే ఉండాలె. ఈపారి ఉరుకబుద్ధయితె జెప్పు, మేం ఆగుతం" అంది.

నువ్వు రా. బస్సు దగ్గరికి ఏడుగురం వస్తాం. నడుమ జాగా నీది, వెనక నేనుంటాను. కానీ అప్పుడప్పుడు తిరిగి చూడు. నా అడుగుల చప్పుడు వినబడకపోతే, అమ్మ అన్న మాట నువ్వూ అను.

ఇట్లు,
నీ వెనక నడిచే
బాపు