తొమ్మిదో బొమ్మ

అక్కా,

నువ్వు పోయి మొన్నటికి ఏడాది నిండింది. ఇవాళ మన అల్లూరు రొయ్యల షెడ్డులో జరిగింది నీకు చెప్పకపోతే నాకు తోచదు.

ఆడవాళ్లు తమ ఒంటి గురించి ఏమనుకుంటారో పరిశోధన చేస్తున్న ఒక అమ్మాయి నెల్లూరు నుంచి వచ్చింది. బక్కపలచటి మనిషి మొదలు బాగా లావుపాటి మనిషి దాకా తొమ్మిది బొమ్మలున్న అట్ట చూపించి, "ఇందులో మీరెవరు?" అని అడిగింది. తన ఒంటి గురించి తానే చెప్పుకుంటే దిష్టి కదా, అందుకని అందరం పక్కవాళ్ల గురించి చెప్పాం. "రమీజా ఆరో బొమ్మ మేడం, రాసుకో" అని నేనంటే, "ఈమె మొదటిది, ఎండుచేప" అంది రమీజా. పాపం, ఆ అమ్మాయి కాగితం నిండా కొట్టివేతలే.

తర్వాత "మీకు ఎలా ఉండాలని ఉంది?" అని అడిగింది. నేను తొమ్మిదో బొమ్మ మీద వేలు పెట్టాను. షెడ్డంతా ఒకటే నవ్వు. అది అచ్చం నువ్వే. ఫోటో అంటే చాలు, నా వెనక దాక్కునేదానివి. సగం కూడా దాగేదానివి కాదు.

"నిజంగానా? ఎందుకండీ?" అంది ఆ అమ్మాయి, పెన్ను ఆపి.

"మా అక్క జాకెట్లు పదకొండు ఉండాయి మేడం. వాటిని బిగువు చేయించబుద్ధి కాలా. అందుకని నేనే లావు కావాల."

ఏం రాసుకుందో తెలీదు. మధ్యాహ్నం అన్నాల దగ్గర రమీజా తన చేపల పులుసు సగం నా గిన్నెలో పోసింది. చుక్క మిగల్చకుండా తిన్నానక్కా.