బోయిగూడలో నా నవల

పద్మారావు నగర్, బుధవారం

పొద్దున పబ్లిషర్ నా నవల తిప్పి పంపాడు. "వీక్లీలో సీరియల్‌గా అందరూ చదివేశారు మేడమ్, ఇంక పుస్తకం ఎవరు కొంటారు" అన్నాడు. ఒళ్లు మండింది.

సాయంత్రం బోయిగూడలో యాకూబ్ భాయ్ అద్దె పుస్తకాల షాపుకి పోతే, నా నవల అక్కడుంది. వారం వారం వీక్లీలోంచి పేజీలు చించి, కుట్టి, అట్ట వేశాడు. అంచులన్నీ నలిగిపోయాయి. నేనెవరో చెప్పకుండా అది అద్దెకు ఇమ్మని అడిగాను.

"ఇయ్యాల దొరకదమ్మా, నలుగురు లైన్ల ఉన్నరు. నడుమ ఒక వారం పేజీలు సుత లేవు. పరేషాన్ గాకుండ్రి, ఆ ముచ్చట అందరికీ నేనే చెప్త."

చెప్పాడు. ఆ వారం పేజీల్లో నేను రాసిన రూతమ్మను వాళ్లన్న టికెట్ కొని రైలెక్కిస్తాడు. యాకూబ్ భాయ్ చెప్పిన రూతమ్మ తనే టికెట్ కొనుక్కుని ఎక్కేసింది. ఇది నాకెందుకు తట్టలేదో.

లైన్లో రాసుకోమని నా పేరు చెప్పాను. ఆయన అట్ట మీద పేరు చూశాడు, నన్ను చూశాడు, లేచి తన కుర్చీ నాకు వేశాడు.

ఇంకో పబ్లిషర్‌ని వెతకాలి. దొరుకుతాడో లేదో... ఈలోపు నా రాతప్రతిలో కూడా రూతమ్మ తన టికెట్ తనే కొనుక్కుంటుంది.