అడవిపళ్ల డబ్బా, అసలు డబ్బా

తంపెరె, ఫిబ్రవరి 9

ఒసేయ్ సిర్కా, ఇక్కడ అందరం కులాసా. పాపకు ఇంకా రోటావైరస్ చుక్కలు వేయించలేదని అమ్మ రాసింది. "కొత్త రకం విరేచనాలకు పాత టీకా ఏం పనిచేస్తుంది?" అన్నావట. మా ల్యాబు పెద్ద లెహ్తో గారికీ అదే బెంగ. టీకా వేసిన పిల్లల్లో పదిమందికి కొత్త రకం సోకినా రెండు పూటల్లో తేరుకున్నారు. టీకా వేసిన ఇంకొక్కడికి మాత్రం విరేచనాలు ముదిరి సెలైన్ ఎక్కించాల్సొచ్చింది. "వాడిదీ అదే రకమైతే మనం ఓడినట్టే" అన్నారాయన.

పరీక్షకని ఫ్రీజర్లో దాచిన వాడి న్యాపీ తెమ్మంటే, వాళ్లమ్మ ఐస్‌క్రీం డబ్బా ఇచ్చి వెళ్లింది. మూత తీస్తే అడవిపళ్ల గుజ్జు! ఆవిడ ఇల్లు చేరగానే ఫోన్ చేశాను. "అత్తయ్యా, ఆ డబ్బా జావలో వంచకండి!" అని ఆవిడ వంటింట్లోకి పెట్టిన కేకకు నా చెవులు గింగుర్లెత్తాయి.

అసలు డబ్బా పరీక్షిస్తే అందులో రోటావైరస్సే లేదు, వాడిది వేరే జబ్బు. గెలిచామే! లెహ్తో గారు అందరికీ కాఫీ, దాల్చినచెక్క బన్నులు తెప్పించారు.

శుక్రవారంతో పాపకు పన్నెండు వారాలు నిండుతాయి. ఆ తర్వాత మొదటి చుక్కలు వెయ్యరు. రేపే తీసుకెళ్లు. మరిదిగారి దగ్గు తగ్గిందా? పాపకు నా ముద్దులు. ఈసారి పళ్లు గాజుసీసాలో పంపమని అమ్మతో చెప్పు. ఐస్‌క్రీం డబ్బా మూత తీయడానికి నాకింక చేతులు రావు.

మీ అక్క తూవి