సున్నం కింద నంబర్లు

తిరువూరు,
5-11-2009, గురువారం.

బావమరిది జోజప్పకి,

బావ శౌరయ్య యేసునాథుని పేర వందనాలు చెప్పి రాయునది. నేను ఉన్నాను. నువ్వూ, కరుణశ్రీ, పిల్లలూ చల్లగా ఉండాలని నా ప్రార్థన.

ఫోన్లో నాకు మాట రాదు. నా గొంతు వింటే నువ్వు పెట్టేస్తావు కూడా. నిన్న సాయంత్రం గంపలగూడెం వచ్చి, మీ వీధి మలుపులో టీ తాగి తిరిగొచ్చాను. అందుకే ఈ ఉత్తరం ఆటో ఏడుకొండలు చేతికిచ్చి పంపుతున్నాను. చించకుండా చివరిదాకా చదువు.

రోడ్డు వెడల్పు చేస్తున్నారు. మన సమాధుల తోటలో ముందు వరసలు పోతాయి. ఆగస్టులో సర్వేయరు వచ్చి ఆ సమాధుల మీద ఎర్ర రంగుతో నంబర్లు వేశాడు. ఎందుకండీ అంటే, అంతా వెబ్‌సైట్లో పెట్టాం, తెలుగులోనే ఉంది, చూసుకోండి అన్నాడు.

యేసుబాబు ఇంటర్నెట్ సెంటర్లో ఆ కాగితం తీయించి చర్చి తలుపుకి అంటించాడు. అక్షరాలు తెలుగే. "గుర్తు పోషించబడని విశ్రాంతి స్థలము దావా లేనిదై సమము చేయబడుచున్నది" అని ఉంది. మళ్ళీ మళ్ళీ చదివాను. నా చదువు తక్కువ కదా అనుకున్నాను. ఫాదర్‌గారికీ అర్థం కాలేదు. జోజమ్మ అయితే, సమాధుల పండక్కి శుభ్రం చేసుకోమంటున్నాడులే, ఏటా మనం చేసేదేగా అంది. అందరం నవ్వాం.

పండక్కి ఎప్పటిలాగే సున్నం వేశాం. ఎర్రది కనపడితే ఇంకో పూత వేశాం. మీ అమ్మకీ, మీ అక్క మేరమ్మకీ నేనే వేశాను.

పండగ మర్నాడు రోడ్డువాళ్ళు వచ్చి నంబర్లేవయ్యా అన్నారు. సెంటర్ నడిపే సుధామయి దగ్గరికి పరుగెత్తాం. ఆ తెలుగు మనిషి రాసింది కాదు తాతగారూ, కంప్యూటరే ఇంగ్లీషుని తెలుగు చేసిందంట అని, ఇంగ్లీషుది చదివి చెప్పింది. నంబరున్న సమాధిని కొత్త స్థలానికి మారుస్తారంట. నంబరు లేకపోతే అయినవాళ్ళెవరూ లేరని చదును చేస్తారంట.

ఫాదర్‌గారు బతిమాలితే రోడ్డువాళ్ళు ఒక దారి చూపించారు. అయినవాళ్ళు సమాధి పక్కన నిలబడి, ఇది మాది అని సంతకం పెడితే మళ్ళీ నంబరేస్తారు. ఒక మనిషికి ఒక్క సమాధే. ఇదేమన్నా రేషన్ బియ్యమా అని యేసుబాబు అడిగాడు. రూలు నేను రాశానా అన్నాడు సంతకాలు తీసుకునే ఉద్యోగి. సోమవారం పొద్దున్నే చదును చేసే మిషను వస్తుంది.

మనవి రెండు సమాధులు. నిన్న ఒకదాని పక్కన నేను నిలబడ్డాను. పదిమందిలో నాకు ఎప్పుడూ గొంతు పెగలదు, నీకు తెలుసు. నిన్న పెగిలింది. రెండోది ఇంకా తెల్లగానే ఉంది. దానికి నువ్వు రావాలి. ఆదివారం సాయంత్రం దాకా సంతకాలు తీసుకుంటారు. నా మొహం చూడక్కర్లేదు, నేను గేటు బయటే ఉంటాను. మేరమ్మని ఆసుపత్రికి ఆలస్యంగా తీసుకెళ్ళానని నువ్వన్న మాట అలాగే ఉండనీ. దానికి ఇక్కడ జవాబు రాయడం లేదు.

ఇట్లు,
మీ బావ
శౌరయ్య

తా.క. మిగిలింది మీ అమ్మది అనుకుంటే వస్తావని, అది ఎవరి సమాధో పైన రాయలేదు. కాగితం మడిచాక మనసొప్పలేదు. నిన్న నేను నిలబడింది అమ్మ దగ్గరే. మేరమ్మ ఉంటే, ముందు మా అమ్మ సంగతి చూడు అనేది. అలాగే చేశాను. మాకు బిడ్డలు లేరు. మిగిలింది మీ అక్క.