పోస్ట్‌మాన్ అంటే కర్రోడికెందుకంత కోపం?

గౌడవెల్లి,
12-6-1998

సూరారంలో ఉన్న నరసింహ బావకు బామ్మర్ది మొగులయ్య నమస్కారం చేసి రాయించే సంగతులు. ఇక్కడ అందరం బాగున్నాం, ఒక్క పోస్ట్‌మాన్ ఎల్లేష్ తప్ప. లక్ష్మమ్మ అక్క మోకాళ్ల నొప్పులు తగ్గాయని తలుస్తాను. నేను చెబుతుంటే మా అమ్మాయి భవిత రాస్తోంది. నా మాటలన్నీ పుస్తకం భాషలోకి మారుస్తోంది కాబట్టి ఇందులో మర్యాద ఎక్కువైతే అది నాది కాదు.

మా నల్ల కుక్క కర్రోడిని నువ్వు చూడలేదు. అది మా ఇంటికొచ్చి మూడేళ్లయింది. ఈ మూడేళ్లలో నువ్వు ఒక్కసారి కూడా మా గడప తొక్కలేదు. మేం ఏం తప్పు చేశామో తెలియదు, అది వేరే సంగతి.

కర్రోడు పాలకు వచ్చేవాళ్లను ఏమీ అనదు. బర్రెను బేరం చేయడానికొచ్చిన దళారీ చేతిని కూడా నాకింది. కానీ ఖాకీ సంచీ కనబడి సైకిలు గంట వినబడిందా, ఇక దానికి పూనకమే. మొన్న ఎల్లేష్ ప్యాంటు పిక్క దగ్గర జానెడు చినిగింది. "కుక్కను ఎల్లగొట్టినంక కబురు జెయ్యి, గప్పుడొస్త. గప్పటిదాంక మీ కాయితాలు మైసయ్య దుకాన్ల ఏస్త" అని చెప్పి పోయాడు.

మైసయ్య దుకాణమంటేనే నాకు భయం. పోయినేడు భవితకు టీచర్ ట్రైనింగ్ కౌన్సెలింగ్ కాగితం అక్కడే బియ్యం బస్తా కింద పడి, తేదీ దాటాక ఎలుకలు సగం తిన్నాక దొరికింది. పిల్ల పట్టు వదలకుండా మళ్లీ చదివి ఈ ఏడు కూడా ర్యాంకు తెచ్చుకుంది. జూలైలో కాగితం రావాలి, అది మా ఇంటికే రావాలి. మా ఇంటావిడ సత్యమ్మేమో "ఆ కుక్కను గోనెసంచిల ఏస్కపోయి శామీర్‌పేట చెరువు కట్టకాడ ఇడ్సిరా" అని రోజూ పోరుతోంది. భవిత ఏడుస్తోంది.

నువ్వు పోలీసు కుక్కల దళంలో ఇరవై రెండేళ్లు చేసినవాడివి. ఒకసారి వచ్చి దీన్ని చూడు. రాలేకపోతే ఎక్కడ కొడితే దీనికి బుద్ధి వస్తుందో అదైనా రాయి.

నీ బామ్మర్ది,
మొగులయ్య

తా.క. నేనేం ఏడవడం లేదు మామయ్యా. కాగితం మీద పడింది చాయ్ చుక్క. – భవిత

*

సూరారం,
20-6-1998

బామ్మర్ది మొగులయ్యకు ఆశీస్సులు, చెల్లె సత్యమ్మకు నమస్కారం, ఎల్లేష్‌కు కొత్త ప్యాంటు కలగాలని కోరుకుంటూ నరసింహ రాసే జవాబు.

కుక్క మీద చెయ్యి వేశావంటే నీకూ నాకూ మాటలుండవు. ముందు నేనడిగినవి చూసి రాయి. ఎల్లేష్ వచ్చినప్పుడు కర్రోడి చెవులు ముందుకుంటాయా, వెనక్కి అతుక్కుంటాయా? తోక నిలబడుతుందా, కాళ్ల మధ్యకు పోతుందా? ఎగబడే ముందు ఒక అడుగు వెనక్కి వేస్తుందా? వేస్తే అది కోపం కాదు. చాలాసార్లు మనం కోపమనుకునేది భయం.

ఇప్పుడు కర్రోడి బుర్రతో ఆలోచించు. రోజూ ఒకడు వస్తాడు. ఇది మొరుగుతుంది, వాడు వెళ్లిపోతాడు. ఉత్తరం ఇచ్చాక ఎటూ వెళ్లిపోయేవాడే అని దానికెలా తెలుస్తుంది? తానే తరిమాననుకుంటుంది. రోజూ గెలిచే ఆట ఎవరైనా మానుకుంటారా? పాలవాళ్లు నిలబడతారు, దళారీ కూర్చుంటాడు, అందుకని వాళ్ల మీద దానికి గెలుపు లేదు. ఇక నువ్వు వెనక నుంచి "ఏయ్, ఏయ్" అని అరుస్తావు చూడు, నువ్వూ సాయంగా మొరుగుతున్నావని అది మురిసిపోతుంది.

చేయవలసింది ఇది. మేక పేగులు, అదే బోటి, తెచ్చి, సున్నపు నీళ్లలో ఒకసారి, వేడినీళ్లలో రెండుసార్లు కడిగి, తిరగేసి లోపల గీకి, మెత్తగా ఉడికించాలి. ఉప్పు, కారం వేయొద్దు. ఉల్లిగడ్డ అసలే వద్దు, కుక్కలకు పడదు. దించాక చల్లారనిచ్చి గోరంత ముక్కలు చేయాలి. దూరాన సైకిలు గంట మోగగానే, మొరగకముందే, ఒక ముక్క. ఎల్లేష్ కనబడుతున్నంతసేపూ ముక్క తర్వాత ముక్క. వాడు పోగానే గిన్నె లోపలికి. మిగతా వేళల్లో బోటి వాసన కూడా చూపించొద్దు. నాలుగు రోజులయ్యాక ఎల్లేషే పక్కకు తిరిగి నిలబడి, దాని కళ్లలోకి చూడకుండా, ముక్క వేయాలి.

రావాలనే ఉంది కానీ మోకాళ్లు సహకరించడం లేదు.

మీ బావ,
నరసింహ

తా.క. మోకాళ్లు మీ అక్కవి. ఆమెను వదిలి రాలేను.

*

గౌడవెల్లి,
2-7-1998

నరసింహ బావకు మొగులయ్య మొర పెట్టుకుని రాయించేది. మేం బాగున్నాం, ఎల్లేష్ ఇంకా బాగున్నాడు. అదే ఇప్పుడు సమస్య.

నువ్వు రాసినట్టే అన్నీ చూశాను. చెవులు వెనక్కే, తోక కిందికే, ఎగబడే ముందు ఒక అడుగు వెనక్కి కూడా వేస్తోంది. మూడేళ్లు ఆ కుక్కను కళ్ల ముందు పెట్టుకుని నేను చూడనిది నువ్వు సూరారంలో కూర్చుని చూశావు. ఆశ్చర్యంగా ఉంది బావా.

ఎల్లేష్‌ను గడ్డం పట్టుకుని బతిమాలి పిలిచాను. కర్రోడిని కొట్టం దగ్గర కట్టేసి గిన్నె పట్టుకున్నాను. అప్పుడు సత్యమ్మ నా చెయ్యి పట్టుకుని, "ఇంటికొచ్చిన మనిషి ముంగట కుక్కకు బోటి పెట్టి, మనిషిని ఒట్టిగ తోలుతమా? నలుగురు ఏమంటరు?" అంది. ఎల్లేష్‌కు మంచం వాల్చి, కంచంలో అన్నం, బోటి పెట్టింది. వాడు ఒక ముద్ద తిని "అక్కా, ఉప్పు కారం లేదేంది?" అన్నాడు. దాంతో మర్నాటి నుంచి ఉప్పు, కారం, ఉల్లిగడ్డ, పుదీన అన్నీ పడుతున్నాయి. కుక్కకు పడదన్నావు కాబట్టి అన్నీ ఎల్లేషే తింటున్నాడు. కర్రోడు తాడు కొరుకుతూ చూస్తోంది.

ఇప్పుడు ఎల్లేష్ ఉత్తరాలు లేని రోజుల్లో కూడా వస్తున్నాడు. నిన్న కరెంటు బిల్లు తెచ్చాడు, అది పక్కింటి ఎంకయ్యది. కర్రోడి అరుపులు రెండింతలయ్యాయి. ఒక్కటి మాత్రం నిజం, దానికి వాడి మీద ఎందుకు కోపమో ఇప్పుడు నాకు కూడా తెలుస్తోంది.

కాగితం వచ్చే వేళయింది. గోనెసంచీ వాకిట్లో ఆరేసి ఉంది. జల్దీ ఉపాయం రాయి.

నీ బామ్మర్ది,
మొగులయ్య

తా.క. సత్యమ్మ అడుగుతోంది: "బోటి తిరగేసి గీకుడు పోలీసోళ్లకెట్ల ఎరుక?"

*

సూరారం,
8-7-1998

అతిథి మర్యాదల మొగులయ్యకు నరసింహ తల పట్టుకుని రాసేది.

నేను బోటి ఎవరి కోసం చెప్పాను, ఎవరు తిన్నారు? చెల్లెతో చెప్పు, ఎల్లేష్‌కు పెట్టాలనుకుంటే మైసయ్య దుకాణం దగ్గర పెట్టమని. లేదా కర్రోడు తిన్నాక పెట్టమను. కట్టేసిన కుక్క ముందు దానికి నచ్చనివాడు కూర్చుని దాని తిండి తింటే, నువ్వైనా ఊరుకుంటావా?

మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టు. మొదటి రోజు ఎల్లేష్ దుకాణం దగ్గరే ఆగాలి, గంట మాత్రం కొట్టాలి. గంట ముందు, ముక్క వెనక. ఈ వరుస తప్పితే పాఠం తప్పుతుంది. కర్రోడు ముక్క తీసుకుంటే మర్నాడు పది అడుగులు దగ్గరికి. తీసుకోకపోతే దానికింకా భయంగా ఉందన్నమాట, పది అడుగులు వెనక్కి. తొందరపెట్టొద్దు, తాడు లాగొద్దు. అది తనంతట తాను వస్తేనే వచ్చినట్టు. గంట వినగానే ఎల్లేష్ వైపు కాకుండా నీ చేతి వైపు చూసిన రోజున నాకు ఉత్తరం రాయి.

గోనెసంచీ మడిచి లోపల పెట్టు. అది చూస్తే నాకే భయంగా ఉంది.

మీ బావ,
నరసింహ

తా.క. సత్యమ్మ ప్రశ్నకు జవాబు: పోలీసు ఉద్యోగంలో అన్నీ నేర్పుతారు.

*

గౌడవెల్లి,
30-7-1998

మా పాలిట దేవుడు నరసింహ బావకు మొగులయ్య ఆనందంతో రాయించేది. ఈసారి అందరం నిజంగానే బాగున్నాం.

ఎల్లేష్ పదిహేను రోజుల్లో దుకాణం నుంచి మా గడప దాకా వచ్చాడు. రోజుకు పది అడుగులు. ఒకరోజు గొడుగు తెరిచాడు, కర్రోడు బెదిరింది, మళ్లీ ఇరవై అడుగులు వెనక్కి పోయాం. ఊరంతా గోడలెక్కి చూసింది. పన్నెండో రోజు గంట మోగగానే కర్రోడు నా చేతి వైపు చూసింది బావా. గిన్నెలో మిగిలిన బోటంతా దానికే పెట్టేశాను. ఇప్పుడు రోజూ ఆ వేళకు మైసయ్య దుకాణం దగ్గరికి తనే ఎదురెళ్లి, ఎల్లేష్ ముందు నడుచుకుంటూ ఇంటికి తీసుకొస్తోంది.

అసలు సంగతి విను. సోమవారం ఎల్లేష్ బోనాలకు అత్తగారింటికి పోయాడు. బదులుగా మేడ్చల్ నుంచి కొత్తాయన వచ్చాడు. ఇళ్లు తెలియక ఉత్తరాలన్నీ దుకాణంలో పెట్టి పోబోయాడు. సంచీ చూసి కర్రోడు తోక ఊపుతూ ముందు నిలబడిందట. మైసయ్య "దాని ఎంబడి పో సారూ, ఇల్లు అదే సూపెడ్తది" అన్నాడు. ఆయన వచ్చాడు. సంచీలో భవిత కౌన్సెలింగ్ కాగితం ఉంది! తేదీ రెండు రోజుల్లో ఉంది. నేను తోడు వెళ్లాను. నిన్న సీటు వచ్చింది.

సత్యమ్మ గోనెసంచీని కుట్టి కర్రోడికి పరుపు చేసింది.

నీ పేరు ఊరంతా మోగుతోంది. వచ్చే నెల పదహారో తారీఖు ఆదివారం నువ్వు వచ్చి బడి దగ్గర పద్నాలుగు కుక్కలకు పాఠం చెబుతావని అందరికీ మాటిచ్చాను. బడి గోడ మీద నీ పేరు కూడా రాయించాను.

నీ బామ్మర్ది,
మొగులయ్య

తా.క. దేవరయాంజాల్ నుంచి కూడా రెండు కుక్కలు వస్తున్నాయి. ఒకటి కరుస్తుందట. అది నీకు వదిలేశాం.

*

సూరారం,
4-8-1998

బామ్మర్ది మొగులయ్యకు నరసింహ సిగ్గుతో రాసేది. కోడలు పిల్లకు సీటు వచ్చిందని చదివి మీ అక్కా నేనూ కళ్లు తుడుచుకున్నాం. ఆ సంతోషంలోనే ఇది కూడా చదివెయ్యి.

ఆ గోడ మీద పేరు చెరిపెయ్యి. నేను కుక్కల మాస్టర్‌ను కాను. ఇరవై రెండేళ్లలో ఒక్క కుక్క మెడపట్టీ కూడా చేత పట్టలేదు. దళంలో కుక్కలకు వండేవాడిని. ఎవరో పెళ్లిలో "మాస్టరా?" అంటే కాదనలేకపోయాను. ఆ తర్వాత దిద్దుకునే ధైర్యం రాలేదు.

రాసినవన్నీ మాత్రం నిజం. వంటింటి కిటికీ నుంచి రోజూ వాటినే చూసేవాణ్ణి. ఒకసారి ఒక కుక్క, దాని మనిషి బదిలీ అయిపోతే మూడు రోజులు తిండి ముట్టలేదు. అరిచారు, బతిమాలారు. నేను గిన్నె కింద పెట్టి, కటకటాలకు వీపు ఆనించి బీడీ కాల్చుకుంటూ కూర్చున్నాను. గంటసేపటికి వెనకాల చప్పుడైంది, తింటోంది. తిరిగి చూడలేదు. ధైర్యం కాదు బామ్మర్దీ, తిరిగి చూడాలంటే నాకు భయం. చిన్నప్పుడు ఒక కుక్క నా పిక్క కరిచి పట్టుకుంది. కటకటాలు లేని కుక్క దగ్గరికి ఈ రోజుకూ పోలేను. మీ ఇంటికి కుక్క వచ్చిందని విన్నాక ఎన్నిసార్లు బస్సెక్కి మేడ్చల్‌లో దిగి తిరిగొచ్చానో మీ అక్కకు తెలుసు.

ఇట్లు,
వంటవాడు నరసింహ

తా.క. ఇది ఊళ్లో చదివి వినిపించొద్దు. బోటి కావాలంటే ఇక్కడే వండి పంపిస్తాను.

*

గౌడవెల్లి,
8-8-1998

నరసింహ బావకు మొగులయ్య నవ్వి, ఏడ్చి రాయించేది.

వంటవాడివని నీ పెళ్లయిన ఏడాదే అక్క చెప్పింది. పెళ్లిళ్లలో నువ్వు ఆ కథలు చెబుతుంటే ముచ్చటగా ఉంటుందని మేమెవరం నోరు విప్పలేదు. మాస్టర్‌ను అడిగితే ఎలా అరవాలో చెబుతాడని, అన్నం పెట్టినవాణ్ణి అడిగాను. కొట్టే సంగతి అడిగింది, నీకు ఒళ్లు మండి దెబ్బలాడటానికైనా వస్తావని. గోడ మీద ఏం రాయించానో నువ్వు అడగనే లేదు: "పోలీసు కుక్కలకు ఇరవై రెండేళ్లు అన్నం పెట్టిన నరసింహ గారు."

భయం సంగతి మాత్రం అక్క చెప్పలేదు. మూడేళ్లుగా నా మీద కోపమనుకుని కుమిలిపోయాను. నువ్వే రాశావు కదా, మనం కోపమనుకునేది భయమని. కుక్కది చదవడం నేర్చుకున్నాను కానీ, బావది చదవలేకపోయాను.

అదే పదహారో తారీఖు ఆదివారం రా. పద్నాలుగు కుక్కలను వద్దన్నాను, పాఠం ఒక్కడికే. బస్సు దిగి మైసయ్య దుకాణం దగ్గరే ఆగు. కర్రోడు ఇక్కడ గడప దగ్గర, పక్కకు తిరిగి, నీ కళ్లలోకి చూడకుండా కూర్చుంటుంది. భవిత చేత్తో పట్టుకుంటుంది. ఎల్లేష్ సైకిలు గంట కొడతాడు. కొట్టగానే సత్యమ్మ నీకు బోటి కంచం అందిస్తుంది, ఉప్పు, కారం, ఉల్లిగడ్డ అన్నీ వేసి. తింటే మర్నాడు పది అడుగులు. తినకపోతే పది అడుగులు వెనక్కి. ఎవరం తొందరపెట్టం, ఎవరం లాగం. ఎన్ని రోజులైనా పడక అక్కడే, దుకాణం వెనక గదిలో వేశాం.

నీ బామ్మర్ది,
మొగులయ్య

తా.క. మామయ్యా, గొడుగు మాత్రం తేవొద్దు. కర్రోడికి ఇంకా భయమే. – భవిత